విరామకాలమున శాసనాధికారము: బొబ్బిలి నుండి రాష్ట్రపతి భవనము వఱకు

1969వ సంవత్సరము జూలై 19వ తేదీ శనివారము. ఆనాడు రాష్ట్రపతి బాధ్యతలను నిర్వహించుచున్న శ్రీ వరాహగిరి వెంకటగిరిగారు ఢిల్లీలో ఒక కాగితముపై చేవ్రాలు చేసిరి. ఆ రాత్రియే ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధి ఆకాశవాణిలో దేశప్రజల నుద్దేశించి మాటాడుచు, 14 పెద్ద బ్యాంకులు ప్రభుత్వపరమైనవని ప్రకటించిరి. 50 కోట్ల రూపాయలకు తక్కువ గాని డిపాజిట్లు గల బ్యాంకులవి. పార్లమెంటు సోమవారమునాడు, అనగా 21వ తేదీన, సమావేశము కావలసి యుండెను. నడుమ నున్నది ఒక్క ఆదివారము. ఆ ఆదివారమునాడే గిరిగారు తమ పదవికి రాజీనామా ఇచ్చి రాష్ట్రపతి ఎన్నికలో అభ్యర్థిగా నిలిచిరి.

ఒక్క చేవ్రాలుతో, సభలలో ఒక్క మాటయైనను చర్చింపబడకుండ, దేశములోని బ్యాంకుల వ్యాపారములో అధికభాగము చేతులు మాఱెను. ఈ శక్తి రాష్ట్రపతికి ఎక్కడనుండి వచ్చినది? ఎవరు ఇచ్చిరి? ఏ హద్దులలో ఇచ్చిరి? ఆ హద్దులు నిలిచినవా? ఈ ప్రసంగమున మేము విచారింపబూనినది ఈ ప్రశ్నలనే. ఈ కథ ఢిల్లీలో జరిగినదే యైనను, దానిలో మన ఉత్తరాంధ్రమునకు గల పాలు స్వల్పమైనది కాదు. బొబ్బిలి, పాతపట్నము, పార్వతీపురము, పర్లాకిమిడి ఈ కథలో మాటిమాటికి ఎదురగు పేర్లు.

ముందుగా ఆ అధికారమేమో తెలిసికొందము. రాజ్యాంగములోని 123వ అధికరణము ప్రకారము, పార్లమెంటు ఉభయసభలును సమావేశములో లేని వేళ, వెంటనే చర్య తీసికొనవలసిన పరిస్థితులు ఏర్పడినవని రాష్ట్రపతికి తోచినచో, ఆయన ఆర్డినెన్సును జారీచేయవచ్చును. దానికి పార్లమెంటు చేసిన చట్టముతో సమానమైన బలము కలదు. రాష్ట్రములలో గవర్నరునకు 213వ అధికరణము ఇట్టి అధికారమునే ఇచ్చినది. సభలు మఱల కూడిన తరువాత దానిని వాటి ముందుంచవలెను. కూడిన నాటినుండి 6 వారములు గడచినచో అది దానంతటదే మురిగిపోవును. సభలు అంతకు ముందే త్రోసిపుచ్చవచ్చును. ఒక సమావేశమునకును మఱియొక సమావేశమునకును నడుమ 6 మాసములకు మించి ఎడము ఉండరాదు కావున, ఏ ఆర్డినెన్సుకైనను ఆయుర్దాయము ఇంచుమించు ఏడున్నర మాసములకు మించదు.

ఉమ్మడి కుటుంబములో పెద్ద ఊరికి పోయినపుడు ఇంటికప్పు కూలిన యెడల, ఇంట నున్నవారు ఆయన రాకకై ఎదురుచూడక కమ్మలు తెప్పించి కప్పింతురు. పెద్ద వచ్చినవెంటనే లెక్క చెప్పుదురు. ఆయన ఒప్పుకొన్నచో సరి, లేనిచో అంతటితో ఆపుదురు. రాజ్యాంగకర్తల ఊహలో ఈ అధికార మిట్టిది. కాని దీని పుట్టుక ఇంత సాధువైనది కాదు.

ఇంగ్లండులో రాజునకు ఇట్టి అధికారము లేదు. 1539లో ఎనిమిదవ హెన్రీ తన ప్రకటనలకు చట్టములతో సమానమైన బలము కల్పించు శాసనమును పార్లమెంటుచే చేయించుకొనెను. ఆయన మరణించిన పిమ్మట 1547లో దానిని రద్దుచేసిరి. 1610లో ప్రధాన న్యాయమూర్తి కోక్, రాజు తన ప్రకటనతో క్రొత్త నేరమును సృష్టింపజాలడని తీర్పు చెప్పెను. అనగా తన దేశమున రాజునకు లేని అధికారమును, ఆ రాజ ప్రతినిధికి మన దేశమున ఇచ్చిరి. 1857 నాటి తిరుగుబాటు అణగిన తరువాత వచ్చిన 1861వ సంవత్సరపు ఇండియన్ కౌన్సిళ్ల చట్టములోని 23వ సెక్షను గవర్నరు జనరలునకు ఆర్డినెన్సులు చేయు హక్కును కల్పించినది. దేశశాంతి, సుపరిపాలన అనునవి అందుకు చెప్పబడిన ప్రయోజనములు. గడువు 6 మాసములు.

ఇచట ఒక్క విషయమును మనము గుర్తుంచుకొనవలెను. 1861 నాటి చట్టములో శాసనసభ సమావేశములో లేనపుడు మాత్రమే అను నియమము లేదు. సభ కూడియున్నను, కూడకున్నను, గవర్నరు జనరలు అత్యవసరమని తలచినచో చాలును. దానిని సభ ముందుంచవలసిన పనియు లేదు. విరామకాలము అను షరతు ఆ అధికారమునకు పుట్టుకతో రాలేదు. అది తరువాత కట్టబడిన కంచె. ఆ కంచె కొఱకు మనవారు పడిన పాట్లే ఈ చరిత్రలోని సారము.

కంచె లేని అధికారమెట్లుండునో 1930లో దేశము చూచినది. ఆ సంవత్సరము మే 1వ తేదీన వైస్రాయి ఇర్విన్ ప్రభువు లాహోరు కుట్రకేసు ఆర్డినెన్సును జారీచేసెను. భగత్ సింగు మొదలగువారిని విచారించుటకు ముగ్గురు న్యాయాధిపతులతో ప్రత్యేక న్యాయస్థాన మేర్పడెను. దాని తీర్పుపై హైకోర్టులో అప్పీలు లేదు. ఆర్డినెన్సుకు 6 మాసముల గడువు అక్టోబరు చివర తీరును. అక్టోబరు 7వ తేదీననే మరణశిక్ష తీర్పు వెలువడినది. ఆర్డినెన్సు చెల్లదని వాదింపగా, అత్యవసర మున్నదా లేదా యను విషయమును నిర్ణయింపవలసినవాడు గవర్నరు జనరలు ఒక్కడేయని 1931లో ప్రీవీ కౌన్సిలు చెప్పినది. ఒక్క మనిషి తోచినదే చట్టమైనపుడు, ఉరికంబమునకును న్యాయస్థానమునకును నడుమ దూర మెంత తగ్గునో ఆ సంవత్సరమున తెలిసినది.

1935వ సంవత్సరపు భారత ప్రభుత్వ చట్టములో మొదటిసారిగా విరామకాలమను షరతు స్పష్టముగా చేరినది. రాష్ట్ర గవర్నరునకు 88వ సెక్షను ఇచ్చిన అధికారము శాసనసభ సమావేశములో లేనపుడు మాత్రమే చెల్లును. సభ కూడిన 6 వారములకు ఆ ఆర్డినెన్సు మురిగిపోవును. మన 213వ అధికరణమునకు మాతృక ఇదియే. ఐతే అదే చట్టములో ప్రక్కనే మఱి రెండు సెక్షనులుండెను. 89వ సెక్షను ప్రకారము గవర్నరు తన ప్రత్యేక బాధ్యతల విషయమున, సభ కూడియున్నను, మంత్రులు వలదన్నను, ఆర్డినెన్సు చేయవచ్చును. 90వ సెక్షను ప్రకారము తానే చట్టమును కూడ చేయవచ్చును. ఒక చేత కంచె కట్టి, రెండవ చేత దానికి రెండు దొడ్డిదారులు పెట్టిరన్నమాట.

ఈ చట్టము క్రింద జరిగిన 1937 నాటి ఎన్నికలలో బొబ్బిలి పేరు మద్రాసు రాజధాని అంతటను మాఱుమ్రోగెను. 1757 నాటి యుద్ధముచేత ప్రసిద్ధి కెక్కిన ఆ సంస్థానమునకు అప్పటి రాజా, శ్రీ రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావుగారు, జస్టిస్ పార్టీ నాయకుడై మద్రాసు ముఖ్యమంత్రిగా ఉండిరి. ఆయనపై ఆయన గడ్డమీదనే నిలిచి గెలిచినవాడు కాంగ్రెసు అభ్యర్థి గిరిగారు. ఆయన 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురములో జన్మించి, ఐర్లండులో న్యాయశాస్త్రము చదివి, బెంగాలు నాగపూరు రైల్వే కార్మికుల సంఘమును నిలిపిన వ్యక్తి. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి బరంపురము అందులో చేరగా, గంజాము జిల్లాలోని తెలుగు భాగము విశాఖపట్టణము జిల్లాలో కలిసెను. ఈ విధముగా గిరిగారి జన్మస్థలము ఒక రాష్ట్రములోను, రాజకీయక్షేత్రము వేఱొక రాష్ట్రములోను పడినవి.

కాంగ్రెసు గెలిచినను వెంటనే పదవులు స్వీకరింపలేదు. గవర్నరులు తమ ప్రత్యేకాధికారములతో మంత్రుల దైనందిన కార్యములలో జోక్యము చేసికొనరాదని అది హామీ కోరెను. ఈలోగా 1937 ఏప్రిలు 1వ తేదీన గవర్నరులు సంఖ్యాబలము లేనివారిచే తాత్కాలిక మంత్రివర్గములను ఏర్పఱచిరి. మద్రాసులో శ్రీ కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు, ఒరిస్సాలో పర్లాకిమిడి మహారాజా శ్రీ కృష్ణచంద్ర గజపతిగారు ప్రధానులైరి. జూలైలో కాంగ్రెసు పదవులు స్వీకరించువఱకు ఈ మంత్రివర్గములు సభను ఎదుర్కొనకయే నడచినవి. సభను పిలువకుండిన చాలును, సంఖ్యాబలము లేని ప్రభుత్వము కూడ మూడు మాసములు నిలువగలదు. విరామకాలమనగా సభ్యుల విశ్రాంతి మాత్రమే కాదు, పాలకుల చేతిలోని సాధనము కూడ. సభను పిలుచుటయు, మానుటయు ఎవరి చేతిలో నున్నవో, విరామమును సృష్టించుటయు వారి చేతిలోనిదే. ఈ పాఠమును పర్లాకిమిడి, మద్రాసు రెండును నేర్పినవి.

జూలైలో రాజగోపాలాచారిగారి మంత్రివర్గమున గిరిగారు కార్మిక, పరిశ్రమల శాఖల మంత్రి యైరి. ఆ ప్రభుత్వము చేసిన ఒక ఆర్డినెన్సు ఈ అధికారమునకు గల మంచి ముఖమును చూపినది. 1939 జూలై 8వ తేదీన మధుర మీనాక్షి దేవాలయములోనికి వైద్యనాథ అయ్యరుగారు హరిజనులను, నాడార్లను తోడ్కొనిపోయిరి. నాటి చట్టము, ఆచారము ప్రకారము దీనికి అనుమతించిన ఆలయాధికారులపై దావాలు పడు అవకాశ ముండెను. శాసనసభ సమావేశములో లేదు. మంత్రివర్గము సలహాపై గవర్నరు ఎర్ స్కిన్ ప్రభువు అదే మాసమున ఆర్డినెన్సు జారీచేసి వారికి రక్షణ కల్పించెను. సభ కూడిన పిదప అది దేవాలయ ప్రవేశ చట్టముగా మాఱెను. అవసరము నిజము, సభ లేకుండుటయు నిజము, సభ రాగానే లెక్క చెప్పుటయు నిజము. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకు ప్రభుత్వము వేచియుండలేదు. ఆర్డినెన్సు అనునది ఎట్లుండవలెనో చూపుటకు ఇంతకన్న చక్కని ఉదాహరణము అరుదు.

ఆ శరత్కాలముననే యుద్ధము వచ్చి మంత్రివర్గములు రాజీనామా ఇచ్చినవి. కేంద్రములో 1861 నాటి పాత అధికారమే మిగిలియుండెను. ఏలయనగా 1935 చట్టములోని సమాఖ్య భాగము అమలులోనికి రానేలేదు. 1940లో బ్రిటిషు పార్లమెంటు యుద్ధకాలమునకై 6 మాసముల గడువును కూడ తొలగించెను. మన దేశము ఆర్డినెన్సుల పాలనను చవిచూచిన రోజులవి.

అట్టి అనుభవము గలవారే స్వతంత్ర భారత రాజ్యాంగమును వ్రాయ కూర్చుండిరి. మఱి వారేల ఈ అధికారమును ఉంచిరి? 1949 మే 23వ తేదీన రాజ్యాంగ నిర్ణయ సభలో ముసాయిదాలోని 102వ అధికరణము చర్చకు వచ్చెను. హృదయనాథ కుంజ్రూ పండితుడు ఆర్డినెన్సు ఆయుర్దాయమును కుదింపవలెనని పట్టుబట్టెను. కె. టి. షా ఈ అధికారము ఎంత అందముగా అలంకరించినను చట్టబద్ధ పాలనకు విరుద్ధమే యనెను. పోకర్ సాహెబుగారు పౌరుల వ్యక్తిస్వాతంత్ర్యమును గూర్చి భయమును వెలిబుచ్చిరి. డాక్టరు అంబేద్కరు సమాధానము చెప్పుచు, హఠాత్తుగా వచ్చిపడు పరిస్థితికి అమలులోనున్న చట్టము చాలకపోవచ్చుననియు, అపుడు కార్యనిర్వాహకవర్గము చేతులు ముడుచుకొని కూర్చుండరాదనియు వాదించిరి. సభ కూడియుండగనే ఉపయోగింపదగిన పాత సమానాంతర అధికారమును తాము తీసివేసితిమని ఆయన గుర్తుచేసిరి.

ఆ మాటలో నిజమున్నది. 1861లోని కంచె లేని అధికారము పోయెను. 1935లోని రెండు దొడ్డిదారులును మూతపడెను. మిగిలినది విరామకాలపు అధికారము మాత్రమే. అదియు మంత్రివర్గము సలహాపై వాడవలసినది. కావున "సభలు సమావేశములో లేని వేళ" అను మాటలను అధికారమిచ్చు మాటలుగా కాక, అధికారమును అడ్డగించు మాటలుగా చదువవలెను. ఇది మా అభిప్రాయము.

ఇట్టి చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. అమెరికాలో 1787 నాటి రాజ్యాంగ సమావేశములో, సెనేటు విరామములో నున్నపుడు ఖాళీపడిన ఉద్యోగములను అధ్యక్షుడు తాత్కాలికముగా నింపవచ్చునను వాక్యమును ఉత్తర కరోలినా ప్రతినిధి రిచర్డు డాబ్స్ స్పైట్ ప్రతిపాదించెను. సెప్టెంబరు 7వ తేదీన అది ప్రతిఘటన లేకుండ ఆమోదింపబడినది. ఆ నియామకము సెనేటు తదుపరి సమావేశాంతమున ముగియును. గుఱ్ఱములపై, బండ్లపై సభ్యులు ఇండ్లకు పోవు కాలమది. సంవత్సరములో చాల నెలలు సెనేటు ఉండెడిది కాదు. 1795లో వాషింగ్టను ఈ విధముగా జాన్ రట్లెడ్జిని ప్రధాన న్యాయమూర్తిగా నియమింపగా, డిసెంబరులో సెనేటు ఆయనను త్రోసిపుచ్చెను. రైళ్లు, విమానములు వచ్చి సెనేటు ఇంచుమించు ఏడాది పొడవునను కూడుచున్నను ఆ వాక్యము మిగిలెను. అధ్యక్షులు చిన్న చిన్న విరామములను కూడ ఉపయోగించుకొనజొచ్చిరి. 2014లో అమెరికా సుప్రీంకోర్టు 10 దినములకు తక్కువైన విరామము సాధారణముగా ఇందుకు చాలదని తీర్పు చెప్పెను. అచట ఉద్యోగముల నియామకము, ఇచట చట్టముల నిర్మాణము. విషయములు వేఱు, వేరు ఒక్కటే. దూరము, ఆలస్యము అను కారణములతో పుట్టిన అధికారము, దూరము తగ్గిన తరువాతయు తగ్గలేదు.

ఇక మఱల గిరిగారి కథకు వత్తము. 1952లో ఆయన పాతపట్నము నియోజకవర్గమునుండి లోక్ సభకు ఎన్నికై కేంద్ర కార్మికమంత్రి యైరి. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యములపై అప్పీలు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును 1954లో ప్రభుత్వము మార్పగా, గిరిగారు అందుల కొప్పక పదవిని విడిచిరి. 1957లో పార్వతీపురము ద్విసభ్య నియోజకవర్గములో ఆయన ఓడిపోయిరి. అచట సాధారణ స్థానమును కూడ గిరిజన అభ్యర్థియగు దిప్పల సూరిదొరగారే గెలువగా, అది చెల్లదని గిరిగారు వేసిన దావాను 1959లో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చెను. పిమ్మట ఆయన ఉత్తర ప్రదేశము, కేరళ, మైసూరు రాష్ట్రములకు గవర్నరై, 1967లో ఉపరాష్ట్రపతి యైరి. 1969 మే 3వ తేదీన రాష్ట్రపతి జాకిర్ హుస్సేనుగారు మరణింపగా రాష్ట్రపతి బాధ్యతలు ఆయనపై పడెను. బ్యాంకు ఉద్యోగుల కొఱకు మంత్రిపదవిని వదలుకొన్న వ్యక్తి చేతికే 15 ఏండ్ల తరువాత బ్యాంకుల జాతీయీకరణపు కాగితము వచ్చెను.

ఆ చేవ్రాలు సరియైనదా? ఆనాడే రెండు వాదములుండెను. పార్లమెంటు రెండు దినములలో కూడనుండగా అంత తొందర యేల యని ఒక వాదము. ముందుగా తెలిసినచో బ్యాంకుల ఆస్తులు, వాటాలు తారుమారు కావచ్చును గనుక ఇట్టి చర్య హఠాత్తుగానే జరుగవలెనని రెండవ వాదము. రెండవ వాదములో బలము లేకపోలేదు. కాని గిరిగారు ఆదివారమునాడు పదవి వీడనున్నారు. ఆర్థికశాఖను మూడు దినములకు ముందే మొరార్జీ దేశాయిగారి నుండి తీసివేసియుండిరి. కాంగ్రెసులో చీలిక ముదిరియుండెను. ఈ పరిస్థితులలో ఆ తొందర అంతయు డిపాజిటుదారుల కొఱకేయని చెప్పుట కష్టము. పని మంచిదేయని నమ్మువారు కూడ పద్ధతిని ప్రశ్నింపవచ్చును. పని మంచిదగుట పద్ధతికి పూటకాపు కాజాలదు.

ఆర్డినెన్సు స్థానమున చట్టము వచ్చి, ఆగస్టు 9వ తేదీన తాత్కాలిక రాష్ట్రపతి హిదయతుల్లాగారి ఆమోదమును పొందెను. ఆగస్టు 24వ తేదీన గిరిగారు రాష్ట్రపతిగా ప్రమాణస్వీకారము చేసిరి. 1970 ఫిబ్రవరి 10వ తేదీన సుప్రీంకోర్టు, ఆర్. సి. కూపరు వేసిన దావాలో, పదిమంది ఒక వైపును ఒక్కరు వేఱొక వైపును నిలిచిన తీర్పుతో ఆ చట్టమును కొట్టివేసెను. 14 బ్యాంకులను మాత్రమే ఎంచుకొనుటయు, పరిహారపు పద్ధతియు తప్పని న్యాయస్థానము భావించెను. ఆర్డినెన్సుకు అవసరముండెనా యను ప్రశ్నకు మాత్రము సమాధానము రాలేదు. ఆర్డినెన్సు అప్పటికే చట్టముగా మాఱినది గనుక ఆ ప్రశ్న నిరర్థకమని వదలివేసిరి. నాలుగు దినములకు, ఫిబ్రవరి 14వ తేదీన, మఱియొక ఆర్డినెన్సు వెలువడెను. ఈసారి కూడ చేవ్రాలు గిరిగారిదే.

1969 ఎన్నికలో గిరిగారి చేతిలో ఓడినవారు శ్రీ నీలం సంజీవరెడ్డిగారు. ఆయన 1977లో రాష్ట్రపతి యైరి. 1980 ఏప్రిలు 15వ తేదీన మఱి 6 బ్యాంకులను ఆర్డినెన్సు ద్వారానే జాతీయము చేసిరి. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు వాటిలో ఒకటి. అది 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియన్ బ్యాంకులో కలిసినది. ప్రత్యర్థులైన ఇద్దరు తెలుగువారు, దేశములోని రెండు జాతీయీకరణములకు ఒకే అధికరణము క్రింద సంతకములు చేసిరి. అధికారము వ్యక్తినిబట్టి కాక పదవినిబట్టి నడచునని ఇది తెలుపుచున్నది.

మన పల్లెలకు ఈ అధికారము మఱింత దగ్గఱగా వచ్చినది 1984లో. ఆ జనవరి 6వ తేదీన రామారావుగారి ప్రభుత్వము సలహాపై గవర్నరు జారీచేసిన ఆర్డినెన్సుతో గ్రామ కరణము, మునసబుల పదవులు రద్దయ్యెను. వంశధార, నాగావళి తీరములలోని ఏ గ్రామమునకైనను అడంగలు, శిస్తు లెక్కలు కరణము ఇంటిపెట్టెలో నుండెడివి. తరతరములుగా వచ్చిన ఆ పదవి రాత్రికి రాత్రి లేకుండపోయెను. రైతుకు కరణము చేతిలో కలిగిన ఇబ్బందులు అందఱు నెఱిగినవే. కావున సంతోషించినవారు పెక్కుమంది. వీథిన పడిన కుటుంబములును పెక్కు. దానివెనుక ఒకదాని తరువాత ఒకటిగా మఱికొన్ని ఆర్డినెన్సులు వచ్చి, తుదకు చట్టమయ్యెను. 1985లో సుప్రీంకోర్టు ఈ చర్యను సమర్థించుచు, ఆర్డినెన్సు చేయుట శాసననిర్మాణమే గనుక దాని వెనుకనున్న ఉద్దేశములను న్యాయస్థానము తరచి చూడజాలదనియు, ఒక్కసారి రద్దయిన పదవులు ఆర్డినెన్సు మురిగిపోయినను మఱల లేవవనియు చెప్పెను.

ఈ విధముగా కంచె వదులగుచు వచ్చెను. 1975లో 38వ రాజ్యాంగ సవరణ, ఆర్డినెన్సు విషయమున రాష్ట్రపతికి తోచినదే తుదిమాట యనియు దానిని ఏ న్యాయస్థానమును ప్రశ్నింపరాదనియు శాసించెను. 1931 నాటి ప్రీవీ కౌన్సిలు మాటయే స్వతంత్ర భారతములో మఱల వినబడినట్లయ్యెను. 1978లో 44వ సవరణ దానిని తొలగించెను. బీహారులో 1967 నుండి 1981 వఱకు 256 ఆర్డినెన్సులను మురిగిపోకుండ మఱల మఱల జారీచేసి బ్రతికించిరి. వానిలో ఒకటి సుమారు 14 ఏండ్లు నడచెను. ప్రొఫెసరు డి. సి. వాధ్వాగారు దీనిని వెలికితీసి దావా వేయగా, 1986లో సుప్రీంకోర్టు ఈ అలవాటును రాజ్యాంగమునకు చేసిన వంచనగా ఖండించెను. 2017 జనవరి 2వ తేదీన ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఇంకొక అడుగు వేసెను. ఆర్డినెన్సును సభ ముందుంచుట తప్పనిసరి యనియు, మురిగిపోయిన ఆర్డినెన్సు కల్పించిన హక్కులు దానంతటవి నిలువవనియు చెప్పెను. కరణముల కేసులో 1985 నాడు చెప్పిన మాటను ఈ విషయమున త్రోసివేసెను.

ఈ అధికారము చెడ్డదని మేము చెప్పబూనలేదు. సభ చర్చింపని శాసనములన్నియు ప్రజలకు కీడే చేసినవని చెప్పరాదు. రాజ్యాంగములోని 5వ షెడ్యూలు క్రింద గవర్నరు ఏజెన్సీ ప్రాంతములకు రెగ్యులేషనులు చేయవచ్చును. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషను, దానిని బలపఱచిన 1970 నాటి సవరణ ఆ విధముగానే వచ్చి, పార్వతీపురము, పాలకొండ, సీతంపేట కొండలలోని గిరిజనుల భూమికి రక్షణ కల్పించినవి. కాని ఆ రక్షణ అమలు జరిగినదా లేదా యని అడుగుటకు స్థలమేది? మఱల సభయే. ఆర్డినెన్సుకైనను, రెగ్యులేషనుకైనను జవాబు చెప్పించు చోటు అదియే.

మధుర ఆలయపు ఆర్డినెన్సును, బీహారు ఆర్డినెన్సులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో తారతమ్యము తెలియును. రెండింటికిని అక్షరములు ఇంచుమించు ఒక్కటే. ఒకటి సభ వచ్చువఱకు నిలిచి, సభ రాగానే తలవంచినది. రెండవది సభ వచ్చినను దానిని తప్పించుకొని తిరిగినది. చట్టములోని మాటలు కంచెను గీయగలవు, కాపలా మాత్రము మనుష్యులే ఉండవలెను. ఒకప్పుడు పాతపట్నమునుండి ఢిల్లీ చేరుటకు సభ్యునికి దినములు పట్టెడివి. నేడు విశాఖలో ఉదయము విమానమెక్కినవాడు అదే దినమున సభలో కూర్చుండగలడు. కావున ఇకమీదట ఆర్డినెన్సు వార్త మన చెవిని పడినపుడు, దానివలన మనకు మేలా కీడా యని మాత్రమే కాక, సభను పిలుచుటకు అడ్డమేమి వచ్చెనని కూడ అడుగవలెను. ఆ ప్రశ్న అడుగు హక్కును 1861 నాటి ప్రజలకు ఎవ్వరును ఇవ్వలేదు. మనకు మన పెద్దలు సంపాదించి ఇచ్చిరి.